హార్లెక్ కోట ముందు అత్తగారు

నెరిస్ కోటల్లోకి వెళ్ళదు. కోట గుమ్మం దాకా మాత్రం అందరికన్నా ముందే వస్తుంది. కారు దిగి, గోడల వంక ఒకసారి ఎగాదిగా చూసి, ఎదురుగా ఏ బెంచీ ఖాళీగా ఉంటే దాని మీద సర్దుకుని కూర్చుని, సంచీలోంచి టీ ఫ్లాస్కు బయటికి తీస్తుంది. వేల్స్ జనం తలెత్తకుండా చెయ్యడానికి ఏడు వందల ఏళ్ళ కింద ఎడ్వర్డ్ అనే ఇంగ్లీషు రాజు కట్టించిన కోటల్లోకి, అదీ టికెట్టు కొనుక్కుని మరీ, తను వెళ్ళడమేమిటని ఆవిడ పట్టుదల.

ఆ పట్టుదల మొదట ఆవిడది కాదు, భర్త ఇద్వల్‌ది. బాలా ఊళ్ళో బడిపిల్లలకు చరిత్ర చెప్పిన మనిషి అతను. పెళ్ళయిన ఏడాది ఇద్దరూ హార్లెక్ వచ్చినప్పుడు టికెట్ల కిటికీ ముందు ఆగి, "ఆ రాజుకి నా చేత్తో ఒక్క పెన్నీ ఇవ్వను" అన్నాడు. కొత్త పెళ్ళికూతురు నెరిస్ అంతకన్నా గట్టిగా, "నేనైతే ఆ గుమ్మం కూడా తొక్కను" అంది. అంతే. ఆ తరవాత ప్రతి ఆగస్టులోనూ సముద్రం ఒడ్డున ఓ వారం గడపడానికి రావడం, మధ్యలో ఏదో ఒక కోట ముందు కూర్చుని టీ తాగడం, లోపలికి పోయేవాళ్ళను చూసి జాలిపడడం. నలభై ఏళ్ళు అలాగే గడిచిపోయాయి. ఇప్పుడు ఇద్వల్ లేడు. బెంచీ మీద నెరిస్ ఒక్కతే.

లోపల ఏముందో చూడాలని ఆవిడకు ఎప్పుడూ అనిపించలేదని కాదు. వాన పడే రోజుల్లో, అంటే ఆ దేశంలో చాలా రోజుల్లో, మరీ అనిపించేది. కానీ నలభై ఏళ్ళు బయట కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచి లోపలికి ఎలా వెళ్తుంది? పోయినాయన ఏమనుకుంటాడు?

ఇక అల్లుడు రసెల్‌కి కోటలంటే ప్రాణం. ఏ బురుజు ఎవరు కట్టారో, ఏ కిటికీలోంచి ఎవరి మీద బాణాలు వేశారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఎవరూ అడగకపోవడమే అతని కష్టం. అతనిది ఇంగ్లండులో నార్ఫక్. ఆ నేల బల్లపరుపుగా ఉంటుందని, అక్కడ గుర్రం ఎక్కినవాడికి మొత్తం జిల్లా కనిపిస్తుందని నెరిస్ అంటుంది. కూతురు హెలెద్ ఇంగ్లీషువాణ్ణి చేసుకుంటానన్నప్పుడు ఆవిడ అడ్డు చెప్పలేదు. ఎడ్వర్డ్ రాజుగారి తరఫు మనిషి ఒకడు ఇంట్లోకి వస్తే రోజూ మాటలనడానికి బావుంటుందని లోపల సంతోషించినట్టే ఉంది.

ఈసారి క్రిక్యెత్ దగ్గర ఒక గొర్రెల పెంపకందారుడి పాక అద్దెకు తీసుకున్నారు. మొదటి రోజు క్రిక్యెత్ కోట చూశారు. దాన్ని మొదలుపెట్టింది వేల్స్ రాజులే కాబట్టి నెరిస్ సొంతింట్లోకి పోయినట్టు పోయి, చాక్లెట్టు కాగితం కింద పడేసిన ఒక పెద్దమనిషి చేత తిరిగి తీయించి వచ్చింది. రెండో రోజు కార్నార్వన్. అది ఎడ్వర్డుది. ఆవిడ బయట గొడుగు కింద కూర్చుంది. మూడో రోజు హార్లెక్ బయల్దేరారు.

దారిలో రోడ్డు మీద తెల్లటి పెద్ద అక్షరాలు కనిపించగానే వెనక సీట్లోంచి నెరిస్ మొదలుపెట్టింది.

"అదిగో అల్లుడూ, మీ ఊరొచ్చింది."

రసెల్ నిట్టూర్చాడు. పెళ్ళికి ముందు మొదటిసారి వచ్చినప్పుడు, రోడ్డు మీద 'ఆరవ్' అని ప్రతి మలుపులోనూ రాసి ఉంటే, అది ఊరి పేరనుకుని, "ఈ ఆరవ్ ఎంత పెద్ద ఊరండీ, గంట నుంచి దాటలేకపోతున్నాం" అన్నాడు. వెల్ష్ భాషలో ఆ మాటకు 'మెల్లగా' అని అర్థం. పన్నెండేళ్ళయినా అత్తగారు దాన్ని వదల్లేదు.

"అమ్మమ్మా, నాన్న ఇప్పుడు వెల్ష్ బాగానే మాట్లాడుతున్నాడు. ఫోన్లో రోజూ నేర్చుకుంటున్నాడు" అంది ఎనిమిదేళ్ళ ఎఫా, తండ్రిని వెనకేసుకొస్తూ.

"విన్నానమ్మా. పొద్దున మన పాకాయనతో మాట్లాడాడు. పాపం ఆయన మర్యాదస్తుడు, చివరిదాకా విని, 'నాకు ఇంగ్లీషు కూడా వచ్చు బాబూ' అన్నాడు."

హెలెద్ నవ్వు ఆపుకుంటూ స్టీరింగ్ తిప్పింది. రసెల్ ఇదేదీ పట్టించుకోకుండా వెనక్కి తిరిగాడు.

"అత్తయ్యా, హార్లెక్ సంగతి వేరు. మీ ఒవైన్ గ్లిందూర్ ఇంగ్లీషువాళ్ళ మీద తిరగబడి, అదే కోటలో నాలుగేళ్ళు ఉన్నాడు. పెళ్ళాం పిల్లల్తో సహా. ఇంక అది మీ కోటే కదా? ఈసారికి లోపలికి రండి."

"ఉన్నాడు. ఎలా వెళ్ళాడు లోపలికి?"

"ముట్టడించి..."

"మరి! టికెట్టు కొనుక్కుని వెళ్ళలేదు కదా?" అని నెరిస్ కిటికీ వైపు తిరిగింది. ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

హార్లెక్‌లో ఎండ కాస్తోంది. నల్లటి కొండ కొమ్ము మీద కోట, కింద ఇసుక దిబ్బలు, దిబ్బల అవతల సముద్రం. నెరిస్ తన బెంచీ మీద కూర్చుంది. బారా బ్రిత్ రొట్టె ముక్కలకు వెన్న రాసి కాగితంలో చుట్టి తెచ్చుకుంది. ఆ పొట్లం పక్కన పెట్టుకుంది. హెలెద్ ఫిష్ అండ్ చిప్స్ తెస్తానని ఊళ్ళోకి వెళ్ళింది. తండ్రీ కూతుళ్ళిద్దరూ వంతెన మీదుగా లోపలికి పోయారు. రసెల్ అప్పటికే చేతులూపుతూ ఏదో చెప్పేస్తున్నాడు. ఎఫా వినడం మానేసి గంతులేస్తోంది.

నెరిస్ ఒక కప్పు టీ తాగి, కళ్ళు మూసుకుని ఎండకు మొహం పెట్టింది. అంతలో ఎఫా వగరుస్తూ వంతెన మీద పరుగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా! నాన్న ఇరుక్కుపోయాడు!"

"ఎక్కడే? తలా కాలా?"

"మొత్తం! బురుజు మెట్ల మీద. పైకీ పోవట్లేదు, కిందికీ రావట్లేదు. గోడని కావిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. వెనకాల అందరూ ఆగిపోయారు. అమ్మ ఫోన్ ఎత్తట్లేదు."

నెరిస్ లేచింది. కాళ్ళు రెండడుగులు వేశాయి, వంతెన మొదట్లో ఆగిపోయాయి. నలభై ఏళ్ళుగా ఆగే చోటే అది. ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి ఖాళీ బెంచీ వైపు చూసింది, అక్కడెవరో కూర్చుని ఉన్నట్టు. "నేనేం చెయ్యను, పిల్లదాని తండ్రి" అని గొణిగి, ఎఫా చెయ్యి పట్టుకుని నడిచింది.

టికెట్ల దగ్గరున్న గడ్డం మనిషి తల పైకెత్తాడు. "మీరు బయట బెంచీ మీద కూర్చునే ఆవిడ కదూ? ప్రతి వేసవిలోనూ చూస్తుంటాను."

"అవును. టికెట్టు కొనను. లోపల మావాడు చిక్కుపడ్డాడు, వాణ్ణి తీసుకుపోవడానికి వచ్చాను."

"ఖైదీని విడిపించడానికొచ్చినవాళ్ళకి టికెట్టు లేదమ్మా, వెళ్ళండి" అన్నాడు ఆయన, ఏమాత్రం నవ్వకుండా. "సాయం కావాలంటే కేకెయ్యండి. మాకిది అలవాటే."

బురుజులో మెట్లు మరమేకులా చుట్టుకుంటూ పోతున్నాయి. చీకటి, తేమ, అరిగిన రాళ్ళు. కింద నుంచి జనం వరసగా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. "కాస్త దారివ్వండి, నేను అతని అత్తగారిని" అంటూ నెరిస్ ఎక్కుతుంటే, ఆ మాట విన్న ప్రతివాడూ పొట్ట లోపలికి పీల్చుకుని దారిచ్చాడు. చివరికి రసెల్ కనిపించాడు. నడిమి రాతిస్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, చెంప రాతికి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట.

"అల్లుడూ."

"అత్తయ్యా?" అతను కళ్ళు తెరవలేదు. "మీరు లోపలికి వచ్చారా?"

"నేనెక్కడ వచ్చాను? నువ్వు రప్పించావు. ఏమైంది?"

"కిటికీలోంచి కిందికి చూశాను. అంతే. కాళ్ళు నావి కాకుండా పోయాయి."

"ఎప్పటి నుంచీ ఈ భయం?"

"చిన్నప్పటి నుంచీ."

"మరి అన్ని కోటలూ ఎక్కానని ఫొటోలు చూపిస్తావు?"

"అవన్నీ కింది గది కిటికీల్లోంచి తీసినవే" అన్నాడు రసెల్ రాతిలోకి. "పైకి వెళ్ళేది హెలెద్. నేను మోకాలి నొప్పని కింద ఉండిపోతాను. ఇవాళ హెలెద్ లేదు కదా, ఎఫా ఒక్కతే పైకి పరుగెత్తుతుంటే వెనకే వచ్చేశాను."

నెరిస్ గొంతు దాకా వచ్చిన మాటను మింగేసింది. ఆవిడకు అది చేతనవుతుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మాట నార్ఫక్ గురించి. దాన్ని తరవాత వాడుకోవచ్చు. ఈ మనిషి మాత్రం నిజంగా వణుకుతున్నాడు. అంత భయం పెట్టుకుని కూతురి వెనక ఇంత దూరం ఎక్కాడు.

ఆవిడ అతని కన్నా ఒక మెట్టు పైకి వెళ్ళి, వెనక్కి చెయ్యి చాచింది. "పట్టుకో. పైన వెలుతురు కనిపిస్తోంది. ఇంకొక్క మలుపు."

"పైకా? కిందికి కదా పోవాలి!"

"కింద ఊరంతా నిలబడి ఉంది. ఇక్కడ నువ్వు వెనక్కి తిరగాలంటే వాళ్ళందరి నెత్తిన పడాలి. పైకి పోయి కాసేపు కూర్చుంటే వాళ్ళు వాళ్ళ దారిన పోతారు."

రసెల్ ఒక కన్ను తెరిచాడు. "అత్తయ్యా, నిజం చెప్పండి. మీకు పైకి వెళ్ళి చూడాలని ఉంది కదూ?"

"నోర్మూసుకుని ఎక్కు."

"నోరు మూసుకుంటే భయమేస్తోంది."

"అయితే మాట్లాడు. దీన్ని కట్టిన మేస్త్రీ పేరేదో రోజూ చెప్పబోతుంటావుగా, చెప్పు. ఈసారి అడ్డు రాను."

పన్నెండేళ్ళలో అత్తగారు అతన్ని కోటల గురించి మాట్లాడమనడం అదే మొదటిసారి. రసెల్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "జేమ్స్ అని, సవాయ్ దేశం వాడు" అన్నాడు, ఒక మెట్టెక్కి. "రాజు అతన్ని ప్రత్యేకంగా పిలిపించుకున్నాడు." ఇంకో మెట్టు. "అప్పట్లో సముద్రం ఈ కొండ అడుగు దాకా ఉండేది. పడవల్లో తిండిగింజలు వచ్చేవి."

"రాళ్ళు మోసింది మాత్రం మావాళ్ళే అయ్యుంటారు."

"కాదత్తయ్యా. కూలీల్ని కూడా చాలామందిని ఇంగ్లండు నుంచే తోలుకొచ్చారు."

"చూశావా! మాకు కూలి డబ్బులు కూడా దక్కనివ్వలేదు."

రసెల్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే మరో రెండు మెట్లు ఎక్కాడు. ఒక్కసారిగా గాలి మొహాన కొట్టింది. పైకి వచ్చేశారు.

అతను వెంటనే నేల మీద చతికిలబడి, వీపు గోడకు ఆనించి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఎఫా పక్కన కూర్చుని తండ్రి చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. నెరిస్ మాత్రం అంచు దాకా నడిచింది. ముందు కోట లోపలికి చూసింది. గడ్డి. మొండి గోడలు. ఒక మూల పావురాలు. గడ్డి మీద ఇద్దరు పసివాళ్ళు బొర్లుతున్నారు. అంతే.

"దీని కోసమా నలభై ఏళ్ళు!" అంది పైకే.

తరవాత అవతలి వైపు తిరిగింది. తిరిగి, రెండు చేతులా గోడ అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"అత్తయ్యా? పడిపోయారా?" రసెల్ కళ్ళు మూసుకునే అడిగాడు.

"లేదు. సముద్రం చాలా దూరం కనిపిస్తోంది. ఒడ్డు వంపు తిరిగి, అవతల నీళ్ళలోకి సాగిపోయింది."

"అది లీన్ ద్వీపకల్పం. ఎడమ వైపు చివర్న సముద్రంలో కలిసిపోయినట్టు ఉంటుంది."

"ఉంది. కుడి వైపు కొండలు. ఒకదాని నెత్తిన మబ్బు కూర్చుంది."

"అదే యర్ విడ్వా. మన కొండలన్నిట్లోకీ ఎత్తయినది."

"అది నాకు తెలుసయ్యా, బాలాలో పుట్టాను. నీటి అవతల ఒడ్డున చిన్న రాయిముక్కలాంటిది ఉంది, అదేమిటి?"

"క్రిక్యెత్ కోట. మొన్న మీరు చెత్త తీయించింది అక్కడే."

అతను చూడకుండానే ఒక్కొక్కటీ చెబుతున్నాడు. ఆవిడ చూస్తూ అడుగుతోంది. ఇద్వల్‌కు కూడా ఇవన్నీ తెలిసి ఉండేవి. ఇక్కడ నిలబడి ఉంటే చెప్పేవాడు. బెంచీ మీది నుంచి ఏళ్ళ తరబడి ఇద్దరూ చూసింది ఈ కోట గోడనే. సముద్రమంతా ఆ గోడ వెనక ఉండిపోయింది. నెరిస్ కళ్ళు తుడుచుకుంది. గాలి అలాంటిది అక్కడ.

ఊరి వైపుకు వచ్చి కిందికి చూస్తే తన బెంచీ కనిపించింది. దాని మీద తన సంచీ. సంచీ మీద కాళ్ళు పెట్టుకుని, కోడిపెట్టకు రెండింతలున్న ఒక సముద్రపు కాకి.

"ఏయ్! ఏయ్, దొంగముండా! నా రొట్టె!"

ఆవిడ కేకకు కోటంతా తలెత్తి చూసింది. పక్షి మాత్రం చూడలేదు. పొట్లం కాగితం లాగి, ముక్క తర్వాత ముక్క మింగుతోంది. వెన్నతో సహా.

"ఏమైంది?" రసెల్ గబుక్కున లేచి అంచు దగ్గరికొచ్చాడు. "ఎక్కడ? అదా? అయ్యో, మొత్తం మింగేస్తోందే!" అని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, సగంలో తను ఎక్కడ నిలబడ్డాడో గుర్తొచ్చి, అత్తగారి చేతిని బిగించి పట్టుకున్నాడు. అయినా వెంటనే కూర్చోలేదు. సముద్రం వైపు ఒక్కసారి తలతిప్పి చూశాడు. పుస్తకాల్లో చదివిందంతా అక్కడ పరిచి ఉంది.

"బావుంది" అన్నాడు సన్నటి గొంతుతో. "ఇంక కూర్చుంటాను."

దిగడం సులువుగానే అయింది. చూడ్డానికే బాగోలేదు. రసెల్ పసిపిల్లాడిలా ఒక్కొక్క మెట్టు మీదా కూర్చుని జారుతూ దిగాడు. ముందు ఎఫా, వెనక నెరిస్. కింద హెలెద్ చిప్స్ పొట్లాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. మొదట తల్లి సంచీ మీదెక్కి పక్షి రొట్టె మింగుతుండడం, తరవాత బురుజు మీద తల్లి కేకలేస్తూ ఉండడం చూసి, ఈ రెంటిలో ఏది ఎక్కువ వింతో తేల్చుకోలేకుండా ఉంది.

"అమ్మా, నువ్వు లోపలున్నావు."

"తెలుసు. నీ మొగుణ్ణి అడుగు ఎందుకో. ముందు ఆ మోకాలి నొప్పి సంగతి అడుగు."

"నాకు తెలుసులే" అంది హెలెద్ నెమ్మదిగా. రసెల్ తల దించుకున్నాడు. ఆ మోకాలు పెళ్ళాం దగ్గర ఎప్పుడో పట్టుబడిందన్నమాట.

కోట కింద ఇసుక దిబ్బలు దాటి ఒడ్డుకు వెళ్ళి చిప్స్ తిన్నారు. ఉప్పూ వెనిగర్ వాసన, తడి ఇసుక వాసన కలిసిపోయాయి. ఎఫా నీళ్ళలోకి పరుగెత్తింది, కెవ్వుమని అరిచి వెనక్కొచ్చింది, మళ్ళీ పరుగెత్తింది. రసెల్ ప్యాంటు మడిచి కూతురి వెంట వెళ్ళాడు. తల్లీ కూతుళ్ళిద్దరే దుప్పటి మీద మిగిలారు. నెరిస్ మాట్లాడడం లేదు. అది మామూలు విషయం కాదు.

"ఏమిటమ్మా?"

"మీ నాన్న మాట తప్పాను."

హెలెద్ చేతిలోని చిప్ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "అమ్మా, నీకొకటి చెబుతాను. కోప్పడకు."

"అలా మొదలుపెడితే కోప్పడకుండా ఎవరుంటారే? చెప్పు."

"నాకు ఏడేళ్ళప్పుడు నువ్వు చర్చివాళ్ళతో బస్సులో ఎక్కడికో వెళ్ళావు. ఆ రోజు నాన్న నన్ను ఇక్కడికి తీసుకొచ్చాడు. టికెట్లు కొన్నాడు. లోపలికి వెళ్ళాం. పై దాకా ఎక్కాం."

నెరిస్ కూతురి మొహంలోకి చూసింది.

"రెండు ఐస్‌క్రీములు కొనిచ్చాడు, నీకు చెప్పొద్దని. 'నేనేదో నవ్వులాటకి ఓ మాటన్నాను, మీ అమ్మ నిజంగా పట్టుకుంది. గుమ్మం కూడా తొక్కనంది. ఇప్పుడు నేను వెళ్దామంటే నా పరువేం కాను?' అన్నాడు."

"నేను పట్టుకున్నానా!" నెరిస్ గొంతుకి అలల దగ్గరున్న వాళ్ళు కూడా తిరిగి చూశారు. "ఆయన అన్నాడనే కదే నేనన్నది! వానలో, చలిలో, నడుం పట్టేసి, ఆయన కోసమని కూర్చున్నాను!"

"ఆయనా నీ కోసమనే కూర్చున్నాడమ్మా."

నెరిస్ కోట వైపు వేలెత్తి ఏదో అనబోయింది. పోయినవాళ్ళతో పోట్లాడడంలో ఇబ్బంది అదే, వాళ్ళు జవాబు చెప్పరు. కొంతసేపటికి ఆవిడ భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందనుకుని హెలెద్ దగ్గరికి జరిగింది. ఆవిడ నవ్వుతోంది. నవ్వుతూ, మధ్యలో కళ్ళు ఒత్తుకుంటూ, "పైన ఎంతసేపున్నాడు?" అని అడిగింది.

"చాలాసేపు. కింద ఎవరో ఇద్దరు ముసలాళ్ళు బెంచీ మీద టీ తాగుతుంటే చూసి, 'పిచ్చాళ్ళు' అన్నాడు."

ఈసారి ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు రసెల్ తడి కాళ్ళతో వచ్చాడు, తన గురించే నవ్వుతున్నారన్న నమ్మకంతో, కాస్త బిక్కమొహం వేసుకుని.

నెరిస్ దుప్పటి మీద చోటిచ్చింది. "కూర్చో అల్లుడూ. ఇంకా మూడు రోజులున్నాయి మనకి. ఎడ్వర్డువి ఇంకా ఏమేం ఉన్నాయి దగ్గర్లో?"

"మీరూ వస్తారా? లోపలికా?"

"నాకు నలభై ఏళ్ళ బాకీ ఉందయ్యా. చెప్పు."

రసెల్ మొహం వెలిగింది. "కాన్వీ ఉంది, అద్భుతంగా ఉంటుంది. ఎనిమిది బురుజులు, ఒక్కొక్కటీ..." అంటూ చేతులు పైకెత్తబోయి, ఆ ఎత్తు తలపుకొచ్చి, మెల్లగా దించేశాడు. "కానీ నా మాట వింటే ముందు బొమారిస్ వెళ్దాం అత్తయ్యా. దాన్ని సగంలోనే ఆపేశారు. పెద్ద ఎత్తుండదు."

"నార్ఫక్ వాళ్ళ కోసమే ఆపి ఉంటారు" అంది నెరిస్, తన చిప్స్‌లో కరకరలాడేది ఒకటి ఏరి అతని చేతిలో పెడుతూ.